పాత పికప్ ట్రక్కుల డొల్ల భాగాల్లో తుప్పు నివారణ

పికప్ ట్రక్కు బాడీ పైకి ఒకే రేకులా కనిపిస్తుంది. చాలాచోట్ల అది రెండు మూడు రేకుల అంచులు కలిపి స్పాట్ వెల్డింగ్ చేసిన పెట్టె. తలుపుల కింద పొడుగునా సాగే రాకర్ ప్యానెల్, క్యాబ్ వెనక మూలలు, ముందు అద్దానికి అటూ ఇటూ ఉన్న స్తంభాలు, తలుపుల అడుగు, తొట్టి పక్కగోడలు, వెనక డోరు, కొన్ని మోడళ్లలో ఛాసిస్ దూలాలు, ఇవన్నీ లోపల డొల్ల. రేకును పెట్టెలా మూస్తే తక్కువ బరువుతో ఎక్కువ బలం వస్తుంది. అందుకే వీటిని అలా కడతారు. అయితే ఆ డొల్లలోకి చెయ్యి దూరదు, చూపు ఆనదు, రంగు సరిగా చేరదు. నీరు మాత్రం చేరుతుంది. బయట రంగు కింద పెసరగింజంత బొబ్బ లేచేనాటికి లోపలి నుంచి రేకు చాలావరకు తినేసి ఉంటుంది.

ఈ డొల్లల్లో తుప్పును ఆపే పని మూడు మెట్లుగా సాగుతుంది: నీరు బయటికి పోయే తూములు తెరిచి ఉంచడం, లోపలి బురదను కడిగి ఆరబెట్టడం, ఆపైన మైనమో నూనో గ్రీజో లోపలంతా పట్టించడం. ప్రచారమంతా మూడోదానికే. నిజానికి బండి ఆయుష్షును ఎక్కువగా నిర్ణయించేవి మొదటి రెండూ. మూసుకుపోయిన తూము పైన పోసిన ఖరీదైన మైనం కంటే, తీగముక్కతో తెరిచిన తూము ఎక్కువ మేలు చేస్తుంది.

లోపలి నుంచే ఎందుకు

ఇనుము తుప్పు పట్టాలంటే నీరు, ఆక్సిజన్ రెండూ కావాలి. లోహం మీద ఒకచోట ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి కరుగుతుంది. ఆ ఎలక్ట్రాన్లు లోహం గుండానే మరోచోటికి వెళ్లి, అక్కడ నీటితో, ఆక్సిజన్‌తో కలిసి హైడ్రాక్సైడ్ అయాన్లుగా మారతాయి. తడి రేకు మీద ఇలాంటి చిన్న చిన్న బ్యాటరీలు లెక్కలేనన్ని పనిచేస్తుంటాయి.

కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త యూలిక్ ఎవాన్స్ ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ఈ సంగతిని ఒక ఉప్పునీటి బొట్టుతో చూపించాడు. మెరుగుపెట్టిన ఇనుప పలక మీద బొట్టు వేస్తే దాని అంచుల దగ్గర గాలి సులువుగా అందుతుంది, నడిమధ్యకు అందదు. గాలి ఆడే అంచు తుప్పు పడుతుందని ఎవరైనా అనుకుంటారు. జరిగేది దానికి విరుద్ధం. ఆక్సిజన్ తక్కువైన నడిమధ్యే కరుగుతుంది, అంచు నిలుస్తుంది, ఆ రెంటి మధ్య గోధుమరంగు వలయం ఏర్పడుతుంది. పికప్ డొల్లల్లో జరిగేదంతా ఈ బొట్టులో ఉంది. రెండు రేకులు ఒకదానికొకటి అతుక్కున్న అతుకు సందులో తడి చేరితే అక్కడికి గాలి అందదు. అందుకే ఆ సందే కరుగుతుంది. రాకర్ అడుగున పేరుకున్న తడి మట్టి కిందా అంతే. పైనున్న రేకు మెరుస్తూ ఉంటే మట్టి కింద రేకు జల్లెడవుతుంది.

దీనికి తోడు, తుప్పు తాను పుట్టిన ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అతుకు సందులో పుట్టిన తుప్పు రెండు రేకులనూ చీల్చుకుంటూ ఉబ్బుతుంది. సందు వెడల్పవుతుంది, ఇంకా నీరు చేరుతుంది. రేకుల అంచులు అలలా వంకరపోవడం పాత ట్రక్కుల్లో తరచు కనిపించే గుర్తు. డెంటింగ్ మేస్త్రీలు ముందుగా వేలితో తడిమి చూసేదీ ఆ అంచులనే.

ఉప్పు పాత్ర

మంచి నీరు కరెంటును అంతగా మోయదు. ఉప్పునీరు బాగా మోస్తుంది. అందుకే ఉప్పు చేరితే ఆ చిన్న బ్యాటరీల పని వేగమవుతుంది. క్లోరైడ్ అయాన్లు ఇనుము మీద ఏర్పడే పలుచని రక్షణ పొరను కూడా చీలుస్తాయి. ఇంతకన్నా మోసకారి గుణం ఒకటుంది: ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది. మామూలు ఉప్పు గాలి తేమ 75 శాతం దాటితే నీరుగారుతుంది. మెగ్నీషియం క్లోరైడ్‌కు 33 శాతం చాలు. అంటే వాన చుక్క పడకపోయినా, మెగ్నీషియం క్లోరైడ్ చేరిన డొల్ల దాదాపు ఎప్పుడూ తడిగానే ఉంటుంది.

ఉత్తర అమెరికా పికప్‌లకు ఈ బెడద రోడ్ల నుంచి వచ్చింది. మంచు కరిగించడానికి రోడ్ల మీద ఉప్పు చల్లడాన్ని 1938లో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం ప్రయోగంగా మొదలుపెట్టింది. 1941–42 చలికాలంలో అమెరికా మొత్తం మీద వాడింది సుమారు 5 వేల టన్నులు. ఇప్పుడు ఏటా దాదాపు 2 కోట్ల టన్నులు చల్లుతున్నారు. మిషిగన్, ఒహాయో, న్యూయార్క్, పెన్సిల్వేనియా, కెనడాలోని ఒంటారియో, క్విబెక్ ప్రాంతాల్లో తిరిగిన పికప్‌కూ, ఎడారి రాష్ట్రం అరిజోనాలో తిరిగిన అదే ఏడాది పికప్‌కూ పోలికే ఉండదు. పాత ట్రక్కులు కొనేవాళ్లు బండి ఏ రాష్ట్రానిదని ముందు అడగడం ఇందుకే.

చలి ప్రాంతాల్లో ఒక అలవాటు మేలనిపించి కీడు చేస్తుంది. ఉప్పు బురద అంటిన బండిని వెచ్చని గ్యారేజీలో పెడితే మంచు కరిగి ఉప్పునీరు సందుల్లోకి దిగుతుంది. వేడి పెరిగేకొద్దీ రసాయన చర్యా చురుకవుతుంది. కడగకుండా వెచ్చగా దాచిన బండి, ఆరుబయట గడ్డకట్టి నిలిచిన బండి కంటే త్వరగా తుప్పు పడుతుంది. వెచ్చదనం మేలు చేయాలంటే ముందు ఉప్పు పోవాలి, తర్వాత గాలి ఆడాలి.

ఒక బండి చెప్పే పాఠం: 1973–87 షెవర్లే, జీఎంసీ పికప్‌లు

జనరల్ మోటార్స్ 1973 నుంచి 1987 వరకు తయారుచేసిన సీ/కే వరస పికప్‌లను వాటి పలకల ఆకారాన్ని బట్టి 'స్క్వేర్‌బాడీ' అంటారు. పాత పికప్‌ల మీద మక్కువ ఉన్నవాళ్లలో వీటికి గిరాకీ ఎక్కువ, తుప్పు కథలూ ఎక్కువే. తుప్పు ఎక్కడ పడుతుందో నేర్చుకోవాలంటే ఇంతకంటే మంచి బండి దొరకదు.

ముందు అద్దం కింద గాలి పీల్చే జాలీ ఉంటుంది. దాన్లోంచి ఆకులు, పైన్ సూదులు, దుమ్ము పడి కుళ్లి నల్లని ఎరువుగా మారతాయి. ఆ ఎరువు నీటితోపాటు పక్క డొల్లల గుండా కిందికి దిగి తూములను పూడుస్తుంది. ఇంట్లో పెరటి గొట్టంలో ఆకులు అడ్డుపడితే ఏమవుతుందో ఇక్కడా అదే. నిలిచిన నీరు రాకర్‌ను లోపలి నుంచి తింటుంది. ముందు మడ్‌గార్డుల వెనక భాగంలో చక్రం ఎగజిమ్మిన బురద, పైనుంచి జారిన ఆకులు రెండూ చేరి మడ్‌గార్డు కింది అంచును కరిగిస్తాయి. క్యాబ్ వెనక మూలలు నేలకు దగ్గరగా ఉన్న గోతుల్లాంటివి. అద్దం రబ్బరు సందుల్లోంచి జారిన నీరూ, చక్రాలు చిమ్మిన నీరూ చివరికి అక్కడికే చేరతాయి. తొట్టిలో వెనక చక్రాల పైని వంపు దగ్గర లోపలి రేకుకూ బయటి రేకుకూ మధ్య మట్టి కూరుకుంటుంది. ఆ వంపు మీద బొబ్బలు లేవని స్క్వేర్‌బాడీ చలి రాష్ట్రాల్లో అరుదు.

తలుపుల సంగతి వేరు. తలుపులోకి నీరు రావడం లోపం కాదు. అద్దం రబ్బరు పక్కనుంచి వాన నీరు లోపలికి దిగుతుందని తెలిసే, అడుగున తూములు పెట్టి తలుపును తయారుచేస్తారు. ఆ తూములను లప్పంతోనో, మందపాటి రంగుతోనో, బాడీ కింద పూసే తారుతోనో పూడ్చినవాళ్లు తలుపును తొట్టిగా మార్చినట్టే. సొంతదారుల చేతుల్లోనే, మంచి ఉద్దేశంతోనే, ఈ తప్పు ఎన్నో బండ్లలో జరిగింది.

ఛాసిస్ దూలం లోపల

బాడీ రేకు పోతే అందం పోతుంది, కొంత బలమూ పోతుంది. ఛాసిస్ పోతే ప్రాణాపాయం. టయోటా టకోమా పికప్‌ల ఉదంతం దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. 1995–2000 మోడళ్ల ఛాసిస్‌లు ఉప్పు రోడ్ల రాష్ట్రాల్లో చిల్లులు పడేదాకా తుప్పుపట్టడంతో, 2008లో కంపెనీ తుప్పు వారంటీని 15 ఏళ్లకు పెంచింది. బాగుచేయలేని బండ్లను, వాడిన బండ్ల ధరల సూచిక అయిన కెల్లీ బ్లూ బుక్ ధరకు ఒకటిన్నర రెట్లు చెల్లించి వెనక్కి తీసుకుంది. తర్వాతి తరం టకోమాలు, టండ్రా, సెకోయా వాహనాల మీద నడిచిన సామూహిక దావాలో 2016లో రాజీ కుదిరింది. దాదాపు 15 లక్షల వాహనాలకు వర్తించిన ఆ ఒప్పందం విలువను సుమారు 340 కోట్ల డాలర్ల వరకు అంచనా కట్టారు. కళ్లకు కనబడని కొన్ని మీటర్ల ఉక్కు దూలం మీద తయారీలో రక్షణ పూత చాలకపోతే ఖర్చు ఎంతదాకా పోతుందో ఈ అంకెలు చెబుతాయి.

నాలుగువైపులా మూసిన దూలం లోపలికి మట్టి ఒకసారి చేరితే బయటికి రాదు. ఒకవైపు తెరిచి ఉన్న సీ ఆకారపు దూలాన్ని కడగడం, చూడటం సులువు. అయితే దూలానికి లోపల బలంకోసం ఇంకో పలక అతికించిన చోట అక్కడా సందు పుడుతుంది.

కర్మాగారం ఇచ్చే రక్షణ

1960ల మొదట్లో ఫోర్డ్ కంపెనీ బాడీ మొత్తాన్ని నీటి ఆధారిత ప్రైమర్ తొట్టిలో ముంచి, కరెంటుతో ప్రైమర్‌ను రేకుకు అంటించే పద్ధతిని తెచ్చింది. 1976లో దీన్లో మెరుగైన క్యాథోడిక్ రకం వాహన పరిశ్రమలోకి వచ్చింది. చిమ్మే రంగు చేరని మూలలకు ఇది చేరుతుంది. అయినా మూసిన పెట్టె లోతుల్లోకి విద్యుత్ క్షేత్రం బలంగా పోదు కనుక పొర అక్కడ పలుచబడుతుంది. స్పాట్ వెల్డింగ్ అతుకుల మధ్యకైతే చేరదు. 1980లలో జింకు పూసిన రేకుల వాడకం విస్తరించింది. జింకు ఇనుము కంటే ముందు తాను కరిగి ఇనుమును కాపాడుతుంది; గీత పడినా కొంతమేర కాపు కాస్తుంది. ఇవి రాకముందు తయారైన పికప్‌లకు డొల్లల లోపల చాలాచోట్ల పలుచని ప్రైమరో, వట్టి రేకో మాత్రమే ఉంటుంది. పాత బండి అనగానే నివారణ అవసరం పెరగడానికి వయసొక్కటే కారణం కాదు.

2015 మోడల్‌తో ఫోర్డ్ ఎఫ్-150 బాడీ అల్యూమినియానికి మారింది. దాని ఛాసిస్ మాత్రం ఇప్పటికీ ఉక్కే.

పని జరిగే తీరు

మొదట చూడాలి. సన్నని గొట్టం చివర కెమెరా ఉండే బోరోస్కోపు ఇప్పుడు ఫోనుకు తగిలించుకునేంత చవక. తలుపు లోపలి అట్టలు, సీటు కింది రబ్బరు బిళ్లలు, వెనక లైట్లు విప్పితే చాలా డొల్లలకు దారి దొరుకుతుంది. స్క్రూడ్రైవర్ పిడితో రేకును తట్టి వినడం పాత పద్ధతే అయినా నమ్మదగినది. గట్టి రేకు ఖంగుమంటుంది, తిన్న రేకు మొద్దుగా పలుకుతుంది. చిల్లులు పడ్డచోట పాత రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేయాలి. ఆ పని మైనం పట్టించకముందే ముగియాలి. మైనమూ దాని ద్రావకాలూ మండే పదార్థాలు; లోపల మైనం ఉన్న రాకర్‌కు బయట వెల్డింగ్ పెడితే కనబడని చోట మంట లేస్తుంది.

తర్వాత తూములు. ప్రతి తూమునూ మెత్తని తీగతో తెరిచి, తోట పైపును పైనుంచి లోపలికి పెట్టి, కింద నీరు తేటగా వచ్చేదాకా వదలాలి. నీటి ఒత్తిడి కంటే నీటి పరిమాణం, ఓపిక ముఖ్యం. పాత రాకర్ నుంచి దోసిళ్లకొద్దీ మట్టి దిగడం మామూలే. ఈ మెట్టు దాటేసి మైనం చిమ్మితే తడి మట్టి మైనం కింద చిక్కుకుంటుంది, ఎవాన్స్ బొట్టుకు మూత పెట్టినట్టు.

ఆరబెట్టడానికి గంటలు చాలవు. కంప్రెసర్ గాలితో ఊదాక, ఎండగా ఉన్న రోజుల్లో తలుపులు తీసి, కనీసం రెండు మూడు రోజులు ఉంచడం మంచిది. అతుకు సందుల్లో తడి చివరిదాకా దాగి ఉంటుంది.

చిమ్మేందుకు మూడు రకాల గొట్టాలు కావాలి: దూలాల్లోకి దూర్చడానికి చుట్టూ పొగమంచులా చిమ్మే ముక్కు ఉన్న పొడవాటి మెత్తని గొట్టం, తలుపుల వంటివాటికి కొంకి గొట్టం, మూలలకు నేరుగా చిమ్మే గొట్టం. గొట్టాన్ని డొల్ల చివరిదాకా దూర్చి, చిమ్ముతూ నెమ్మదిగా వెనక్కి లాగాలి. చల్లని మైనం సందుల్లోకి పాకదు; డబ్బాను వేన్నీళ్లలో ఉంచి కాస్త వెచ్చబరిస్తే పలుచబడుతుంది. పని అయ్యాక తూముల నుంచి మైనం కారుతుంది, కారాలి కూడా. మర్నాడు ప్రతి తూమునూ మళ్లీ తీగతో తెరవాలి. మైనమే తూమును మూసేస్తే చేసిన పనంతా తలకిందులవుతుంది.

ద్రావకాల ఆవిరి డొల్లలో నిలిచి నిప్పురవ్వకు పేలగలదు. బ్యాటరీ కనెక్షన్ తీయడం, గాలి ఆడే చోట పనిచేయడం, ముఖానికి తగిన మాస్కు తప్పనిసరి. బ్రేకుల మీద, సైలెన్సర్ గొట్టం మీద, సీటు బెల్టు చుట్టలోకి మైనం పడకూడదు.

ఏం పట్టించాలి

డొల్లల కోసం తయారుచేసే మైనాల్లో మైనంతోపాటు తుప్పును అడ్డే సల్ఫోనేట్ల వంటి రసాయనాలు, పలుచబరిచే ద్రావకం ఉంటాయి. ద్రావకం ఆరిపోయాక మెత్తని పొర మిగులుతుంది. శుభ్రంగా, పొడిగా ఉన్న కొత్త రేకుకు ఇది చాలా మంచిది. ఇప్పటికే తుప్పు పొలుసులున్న పాత రేకు మీద మాత్రం మైనం పైపైనే నిలిచిపోతుంది; పొలుసుల కిందికి ఇంకదు.

అక్కడ నూనెలు పనికొస్తాయి. అవి ఆరవు, సందుల్లోకి వాటంతట అవే పాకుతాయి, తుప్పు పొలుసుల్లో ఇంకుతాయి. బదులుగా ఏటా మళ్లీ పట్టించాలి, కొన్నాళ్లు నేలమీద చుక్కలు రాలతాయి. కెనడాలో ప్రతి శరదృతువులో నూనె పట్టించుకోవడం చాలామందికి వాడుక. నా అంచనాలో నలభై ఏళ్లు దాటిన పికప్‌కు మొదటి రెండు మూడేళ్లు నూనె, తర్వాత తలుపులకు మైనం అన్నది సరైన క్రమం. గొర్రె ఉన్ని నుంచి తీసే లానోలిన్ ఈ రెంటికీ మధ్యది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా ఓడల ట్యాంకుల కోసం లానోలిన్ పూతలు వాడకంలోకి వచ్చాయి. అది లోహాన్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది, కానీ కొన్ని రకాల రబ్బరును ఉబ్బిస్తుంది. జర్మనీలో పాత కార్ల ప్రియులు 'మైక్ సాండర్స్' అనే గ్రీజును సుమారు 120 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేసి చిమ్ముతారు. ఎండాకాలంలో అది మళ్లీ మెత్తబడి కొత్త సందుల్లోకి పాకుతుంది. కష్టమైన పని, ఫలితం మాత్రం ఏళ్లతరబడి నిలుస్తుంది.

తుప్పును మార్చే ద్రావణాలు రెండు రకాలు. ఒకటి ఫాస్ఫారిక్ ఆమ్లంతో, రెండోది టానిక్ ఆమ్లంతో పనిచేసేది. మొదటిది తుప్పును ఇనుప ఫాస్ఫేట్‌గా మారుస్తుంది. ఫాస్ఫేట్ పొర కాపాడగలదనడానికి ఢిల్లీలోని ఇనుప స్తంభమే సాక్షి. దాని ఇనుములో భాస్వరం ఎక్కువ ఉండటం వల్లే ఉపరితలం మీద రక్షణ పొర ఏర్పడిందని ఐఐటీ కాన్పూర్ శాస్త్రవేత్త ఆర్. బాలసుబ్రహ్మణ్యం వివరించాడు. కానీ ఆ స్తంభానికి చుట్టూ గాలి ఆడుతుంది. మూసిన రాకర్‌లో ఆమ్లం చిమ్మి కడగలేకపోతే మిగిలిన ఆమ్లమే కొత్త తుప్పుకు బీజం. చేయి చేరేచోట మాత్రమే వీటిని వాడటం క్షేమం.

డెట్రాయిట్‌లో కర్ట్ జీబార్ట్ అనే జర్మన్ వలస మెకానిక్ 1950లలో డొల్లలకు రంధ్రాలు చేసి, పొడుగు గొట్టాలతో లోపల పూత చిమ్మే పద్ధతిని వ్యాపారంగా మలిచాడు. ఆ తర్వాత అలాంటి దుకాణాలు ఊరూరా వెలిశాయి. కొత్త రంధ్రం అంటే రంగు లేని కొత్త అంచు. బండికి ఉన్న రంధ్రాలు చాలకపోతేనే డ్రిల్లు పట్టాలి, ఆ అంచుకు ప్రైమర్ వేసి రబ్బరు బిరడా బిగించాలి. డొల్లల్లో ఫోమ్ నింపడం మాత్రం ఎప్పుడూ చేయకూడని పని. అది స్పాంజిలా తడిని పట్టి ఉంచుతుంది. బ్యాటరీకి తగిలిస్తే తుప్పు ఆగుతుందని అమ్మే ఎలక్ట్రానిక్ పెట్టెల మీదా ఆశ పెట్టుకోవద్దు. ఓడకో, భూమిలో పాతిన పైపులైనుకో కరెంటు రక్షణ పనిచేస్తుందంటే దాని చుట్టూ నీరో తడి నేలో ఎడతెగకుండా ఉండటం వల్ల. గాలిలో తిరిగే బండికి ఆ వలయం పూర్తికాదు. ఇలాంటి పెట్టెల ప్రచారం మీద 1990లలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంది.

తెలుగు తీరంలో

ఆంధ్ర తీరంలో మంచు ఉప్పు లేదు, సముద్రపు ఉప్పు ఉంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం ప్రాంతాల్లో గాలి తేమ ఏడాదిలో చాలా రోజులు 75 శాతం దాటుతుంది. అంటే బాడీ మీద, డొల్లల్లో చేరిన ఉప్పు వానతో పనిలేకుండానే నీరుగారుతుంది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో చేపలు, రొయ్యలు మోసే చిన్న ట్రక్కులకు ఇంకో బాధ: ఐసు కరిగిన నీరు తొట్టి అతుకుల్లోంచి పక్కగోడల డొల్లల్లోకీ, ఛాసిస్ మీదికీ రోజూ కారుతుంది. హైదరాబాదు చుట్టుపక్కల తిరిగే బండికి ఈ గండం చాలా తక్కువ. అక్కడ వానాకాలపు బురదే ప్రధాన శత్రువు.

ఛాసిస్‌కు వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూయడం లారీల వాళ్లకు పాత అలవాటు. అది కొంత కాపాడుతుంది, కాదనలేం. అయితే ఇంజిన్‌లో కాలిన ఆ నూనెలో ఆమ్లాలు, లోహపు రజను ఉంటాయి. వానకు కొట్టుకుపోయి చెరువులనూ కాల్వలనూ పాడుచేస్తుంది, పూసేవాళ్ల చర్మానికీ మంచిది కాదు. అదే పనికి శుభ్రమైన గ్రీజో లానోలినో వాడితే ఖర్చు కాస్త పెరుగుతుంది గానీ ఆ నష్టాలుండవు.

చేపల లోడు దించిన రోజు తొట్టిని మంచినీళ్లతో కడిగి, వెనక డోరు తెరిచి, ముందు చక్రాలు కాస్త ఎత్తులో ఉండేలా నిలిపితే తొట్టిలో మిగిలిన నీరు వెనక్కి జారిపోతుంది. వానలు మొదలవకముందు ఒకసారి, వెనకబట్టాక ఒకసారి తలుపుల అడుగునా రాకర్ కిందా ఉన్న తూముల్లోకి తీగ దూర్చి చూడాలి. దానికి పట్టేది పావుగంట.